మద్యవిముక్తికి ఒక సహవాసము

విశాఖపట్టణపు రేవులో సరకు దింపు కూలియు, ఉక్కునగరమున రాత్రి షిఫ్టు ముగించిన కార్మికుఁడును ఒకే వరుసలోఁ గూర్చుండి, ఇంటిపేరైనను చెప్పకయే తమ త్రాగుడు కథ చెప్పుకొనఁగల సభలు కలవనిన శ్రోతలలోఁ బలువురకు వింతగాఁ దోఁచవచ్చును. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున బిల్ విల్సన్ అను వ్యాపారియు, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుఁడును, ఇరువురును మద్యపీడితులే, ఒకరి గోడు ఒకరు విని నిలదొక్కుకొనిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసమునకు అదియే ఆరంభము. రుసుము లేదు, మానవలెనను కోరికయే అర్హత.

మొదటి సభకుఁ బోవుటయే కష్టము. తెలిసినవారు చూచెదరేమో యను సంకోచము కాళ్ళను గుమ్మమువద్దనే ఆపివేయును. కాని లోపలనున్న వారందఱును ఆ సంకోచమును దాఁటి వచ్చినవారే. అక్కడ విన్నది వెలుపలఁ జెప్పరు. మాటాడవలెనను నిర్బంధమును లేదు, ఊరక వినవచ్చును. షిఫ్టు మాఱి ఒక సభ తప్పినచో వేఱొక దినమున జరుగు సభను వెదకుకొనుఁడు.

ఒక హెచ్చరిక మాత్రము మఱవరాదు. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవారు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయమే రావచ్చును గనుక, ముందు చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో, కింగ్ జార్జి ఆసుపత్రి (కె.జి.హెచ్.)లోనో వైద్యుని సంప్రదింపవలెను. సభలు జరుగు చోటు అచ్చటనే యడుగుఁడు. వ్యసనవిముక్తి సలహాకుఁ గేంద్రప్రభుత్వపు ఉచిత టెలిఫోను 14446 కూడఁ గలదు. త్రాగువాఁడు కదలకున్నను, అతని భార్యకును బిడ్డలకును అల్-అనాన్ అను కుటుంబ సభలు వేఱుగాఁ గలవు.