వినుట నేర్చిన యంత్రము



రేడియో స్కానరు అను పరికరము ఒక పౌనఃపున్యమునుండి మఱియొకదానికి వరుసగా దాటుచు, మాట వినవచ్చిన చోట నిలుచును. దానికి కంప్యూటరే గురువు. వెదకవలసిన పౌనఃపున్యములను తెరపై పట్టికగా వ్రాసి, తీగ ద్వారా దాని జ్ఞాపకములోని కెక్కింతురు. ప్రభుత్వానుమతి గలవారికి ఈ విద్య కొలది దినములలో అలవడును. కాని ఎవరి మాట వినుటకీ శ్రమ? బస్తరు ఈ ప్రశ్నకొక సమాధానము చెప్పినది.

గోండీ మాటలాడువారు, 2011 జనగణన ననుసరించి, దేశమున 29 లక్షలకు పైగా గలరు. ఐనను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున ఆ భాషకు చోటు లేదు. అది మనకు పరాయిది కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్గీకరణమున తెలుగు, గోండీ ఒకే శాఖకు చెందినవి. మన రెండు, మూడు, నాలుగులకు వారి రండ్, మూండ్, నాలుంగ్ తోబుట్టువులు.

జగదల్‌పూరున ఆకాశవాణి కేంద్రము 1977లోనే వెలసినది. కాని రేడియో చెప్పును, శ్రోత వినును. శ్రోత చెప్పుటకు దారి లేదు. ప్రైవేటు రేడియోలు స్వయముగా వార్తలు సమకూర్చుట నిషిద్ధము. 2010లో, పూర్వము బి.బి.సి.లో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి, బెంగుళూరు మైక్రోసాఫ్టు పరిశోధనాలయమునకు చెందిన బిల్ థీస్ మున్నగువారి తోడ్పాటుతో ‘సీజీనెట్ స్వర’ను నెలకొల్పెను.

దాని పద్ధతి సరళము. గ్రామీణుడు ఒక సంఖ్యకు మిస్డ్ కాల్ ఇచ్చును. కంప్యూటరే తిరిగి పిలుచును. ఒకటి నొక్కిన తన మాట చెప్పవచ్చును, రెండు నొక్కిన ఇతరుల మాట వినవచ్చును. అక్షరజ్ఞానముతో పని లేదు. అందని కూలి, చెడిన చేతిపంపు, రాని రేషను, పెండ్లిపాట, అన్నియు అందు చేరినవి. పరిశీలకులు విని, సరియైనవానిని ప్రచురించిరి. ఫిర్యాదు చివర సంబంధితాధికారి ఫోను సంఖ్య చెప్పబడెడిది. దూరమునందలి శ్రోతలు ఆయనకు ఫోను చేసి అడిగెడివారు. సంకేతములందని అడవిపల్లెలలో ఆ ధ్వనులు బ్లూటూత్ ద్వారా ఫోనునుండి ఫోనుకు సాగినవి. ‘బుల్టూ రేడియో’ యనగా నిదియే.

ఇందొక మర్మము గలదు. ఆ యంత్రము ధ్వనిని దాచెనే గాని దాని యర్థము నెఱుగదు. గోండీ తెలిసిన పరిశీలకుడు లేనిచో ఆ మొఱ యంత్రములోనే నిలిచిపోవును. కచేరీబల్ల యెదుట నిలిచిన మనిషి గతియు నిట్టిదే. చెప్పినది బోధపడని యుద్యోగి కాగితముపై అర్జీయే యుండదు. అర్జీ లేనిచోట న్యాయమును లేదు.

బస్తరున కొలువుచేయు తెలుగువారికి ఈ విషయమున ఒక సౌలభ్యము గలదు, దానితోబాటు ఒక బాధ్యతయు గలదు. సోదరభాషలో నూఱు మాటలు నేర్చుట మనకు కష్టము కాదు. కంప్యూటరుతో యంత్రమునకు వినుట నేర్పిన కాలమిది. మన చెవులకును ఆ పాఠము చెప్పుకొందము.