గోడకెక్కిన పటం



ఈ రోజు పాఠం కోసం మనం ఒక చిత్రప్రదర్శన ప్రారంభోత్సవానికి వెళదాం. ఊరు జంషెడ్‌పూర్. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ చుట్టూ పెరిగిన నగరం ఇది. ఉక్కు పనికి వచ్చి స్థిరపడిన మన తెలుగువారి రామమందిరం ఇప్పటికీ బిష్టుపూర్‌లో ఉంది.

సాక్చిలోని రవీంద్ర భవన్‌లోనో, మరో హాల్లోనో ప్రదర్శన మొదలయ్యే సాయంత్రం అనుకోండి. దీపం వెలిగిస్తారు, పెద్దలు ప్రసంగిస్తారు, తేనీరు వస్తుంది. తేనీటితోనే ఇంటికి వెళ్ళిపోయేవారూ ఉంటారు, వారి సంగతి వదిలేద్దాం. మీరు గోడల దగ్గరికి రండి. నూనెరంగుల కాన్వాసుల మధ్య ఒక పొడవాటి కాగితపు పటం కనబడితే అక్కడ ఆగండి. అది పైట్కర్ చిత్రం. జంషెడ్‌పూర్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, ధల్‌భూమ్‌గఢ్ దగ్గరి ఆమాడుబి గ్రామంలో తరతరాలుగా గీస్తున్నారు. రంగురాళ్ళను అరగదీసి, ఆకుల రసం తీసి, దీపపు మసి పట్టి రంగులు చేసుకోవడం వారి సంప్రదాయం.

నేను సైన్సు చెప్పేవాణ్ణి, కళావిమర్శకుణ్ణి కాను. కాబట్టి ముందుగా ఎరుపును చూస్తాను. మన ఇళ్ళలో గడపకూ అరుగుకూ పూసే జాజు ఉంది కదా, ఆ ఎరుపే ఇది. దీని పేరు హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. ఆ ఊరి బ్లాస్ట్ కొలిమిలోకి వెళ్ళే ఖనిజం కూడా ప్రధానంగా ఇదే! కొలిమిలో కార్బన్ మోనాక్సైడ్ దీనిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటే ఇనుము మిగులుతుంది. పటం మీద ఆ ఆక్సిజన్ అలాగే ఉంటుంది, కనుక ఎరుపూ ఉంటుంది. వెలుతురు దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు.

ఆకుపచ్చ అంత గట్టిది కాదు. ఆకుల రంగు, పసుపు రంగు సేంద్రియ అణువులవి. కాంతి తగిలిన కొద్దీ ఆ అణువులు విచ్ఛిన్నమవుతాయి. నమ్మకం కుదరకపోతే ఒక కాగితం మీద పసుపునీళ్ళు, పక్కనే జాజు పూసి, రెండింటిలోనూ సగం మేర అట్టతో కప్పి కిటికీలో ఎండకు పెట్టండి. వారం తరవాత అట్ట తీస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. పూర్వం చిత్రకారుడు ఇల్లిల్లూ తిరిగి, పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, కథ పాడేవాడు. చెట్టునీడలో వెలుతురు 10,000 లక్స్ ఉంటుందనుకుందాం. ఒక్కో బొమ్మ రెండు నిమిషాలు కనబడి మళ్ళీ చుట్టలోకి పోతే, దానికి తగిలిన కాంతి సుమారు 330 లక్స్-గంటలు. అదే పటాన్ని హాల్లో 300 లక్స్ దీపాల కింద రోజుకు 8 గంటల చొప్పున 10 రోజులు వేలాడదీస్తే? 24,000 లక్స్-గంటలు! అంటే 70కి పైగా కథాగానాలంత వెలుతురు. అందుకే మ్యూజియాల్లో ఇలాంటి వాటికి 50 లక్స్ దాటనివ్వరు. అక్కడ చీకటిగా ఉందని విసుక్కునేవారికి ఈ లెక్క చెప్పండి.

గోడకెక్కితే రంగుతోపాటు మరొకటి కూడా పోతుంది. చుట్టలో ఉన్నప్పుడు తరవాతి బొమ్మ ఏమిటో చూసేవాడికి తెలియదు. గోడమీద కథ మొదలు, ముగింపు ఒక్కసారే కనబడిపోతాయి, పాట వినబడదు. మన చేర్యాల పటాలదీ ఇదే పరిస్థితి. కథకులు వాటిని వేలాడదీసి, ఒక్కొక్క ఘట్టం చూపుతూ రాత్రంతా కథ నడిపేవారు. ఇప్పుడు ఆ బొమ్మలు చిన్న చిన్న చట్రాల్లో డ్రాయింగు రూముల్లోకి వెళుతున్నాయి. ప్రదర్శనలు వద్దని నేను అనను. చిత్రకారుడికి నాలుగు డబ్బులు వచ్చేది అక్కడే.

అయితే మీరు వెళ్ళేటట్లయితే మొదటి సాయంత్రమే వెళ్ళండి. చిత్రకారుడు తన పటం పక్కన ఉండే అవకాశం ఆ రోజే ఎక్కువ. తరవాత వారం రోజులూ గోడకు పటం, దాని కింద చీటీ మాత్రమే ఉండవచ్చు. అందరూ ధర అడుగుతారు. మీరు ఈ ఎరుపు ఏ రాయి, ఈ పచ్చ ఏ ఆకు అని అడగండి. కథ ఏ బొమ్మ దగ్గర మొదలవుతుందని అడగండి. ఆయన పాడటం మొదలుపెడితే, కాసేపు మిగతా పటం వదిలేసి, ఆయన వేలు ఏ బొమ్మ మీద ఉందో దాన్నే చూడండి.