డాక్టరు సీటు – ఏ కళాశాల ముందు?



నీట్ ర్యాంకు వచ్చాక తల్లిదండ్రులు మా ఉపాధ్యాయులను ముందుగా అడిగేది, "మాస్టారూ, దగ్గరలో ఏ కాలేజీ ఉంది?" అని. ఒక మిర్చి రైతు, కూతురికి దూరాన ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చే ర్యాంకు ఉన్నా, ఎకరం అమ్మి ఇంటి దగ్గర ప్రైవేటులో బి కేటగిరీ సీటు తీసుకుంటానన్నారు. "మరి చిన్నవాడి చదువు దేనితో?" అని అడిగాం. ఆలోచించి ఆగారు. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రభుత్వ కళాశాలలోనే చదువుతోంది.

పిల్లలూ, వెబ్ ఆప్షన్లలో మీరు పెట్టిన వరుసలోనే, మీ ర్యాంకుకు అందే మొదటి సీటు ఇస్తారు. కనుక దగ్గరిది కాదు, కావలసినది పైన పెట్టండి. భవనాలు చూడవద్దు, ఆసుపత్రి ఓపీలో రోగులెందరో చూడండి. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాలకు పేరు వచ్చింది పెద్దాసుపత్రి రోగుల వల్లనే.

2007 నుంచి మనలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. కౌన్సెలింగ్ దాకా ఆగక, ఆ ధ్రువపత్రం, ఆదాయ పత్రం ఇప్పుడే తీసి ఉంచండి.

తల్లిదండ్రులారా, హాస్టలు దూరం ఐదున్నరేళ్లే. అమ్మిన పొలం మాత్రం తిరిగి రాదు. సెలవు, ఖుదా హాఫిజ్.