క్యాజువాలిటీలో ఎవరు ముందు?



మా వేటపాలెంలో అర్ధరాత్రి ఎవరికి ఒంట్లో బాగుండకపోయినా, ముందు నోటికొచ్చే మాట "పెద్దాసుపత్రికి పదండి" అని. పక్కనున్న చీరాల ఆసుపత్రి గుర్తుకు రాదు. ఒకసారి నేనూ అంతే చేశాను. మా చిన్నవాడికి జ్వరం, రెండు వాంతులు. వాణ్ణి భుజాన వేసుకుని ఓ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పరుగెత్తాను. అక్కడ ఒక్క మంచం ఖాళీ లేదు. ఇంతలో మిరపచేలో పాము కరిచిన కూలి మనిషిని మోసుకొచ్చారు. డాక్టరుగారు మమ్మల్ని వదిలి అటు వెళ్ళారు. "మేం ముందొచ్చామండీ" అని వాదనకు దిగాను. "అమ్మా, మీవాడు ఏడుస్తున్నాడు. ఆవిడకు ఏడిచే ఓపిక కూడా లేదు" అన్నారాయన. సిగ్గుతో తల దించుకున్నాను.

క్యాజువాలిటీ వరుస రేషను షాపు వరుస కాదండీ. ఎవరి ప్రాణానికి ముప్పు ఎక్కువో వాళ్ళే ముందు. అందుకే రోగులను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులుగా విడదీసి చూసే పద్ధతి పెట్టారు. ఆకుపచ్చవాళ్ళం మనం ఊరికి దగ్గర్లోనే చూపించుకుంటే, ఎరుపువాళ్ళకు చోటు దొరుకుతుంది.

ప్రభుత్వం చేస్తున్న ప్రయత్నమూ ఇదే. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు వచ్చాయి. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు, పట్నాల్లో పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. 2019లో వచ్చిన ఈ-సంజీవని ద్వారా, ఎక్కడో ఉన్న డాక్టరుతో ఇక్కడి నుంచే మాట్లాడవచ్చు. 2023లో గుండెపోటుకూ ఒక ఏర్పాటు మొదలైంది. చిన్నాసుపత్రిలో తీసిన ఈసీజీని గుంటూరులాంటి చోట్ల పెద్ద డాక్టర్లు చూసి చెబుతారు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను ఇక్కడే ఇస్తారు. దారిలో పోయే ప్రాణం నిలుస్తుందన్నమాట!

అయితే ఒక మాట. రాత్రిపూట చిన్నాసుపత్రిలో డాక్టరు, మందులు లేకపోతే ఏ తల్లి మాత్రం బిడ్డను అక్కడికి తీసుకెళుతుంది? ఆ నమ్మకం కలిగించడం ప్రభుత్వం వంతు.

ఇక మన వంతు. జలుబు, మామూలు జ్వరం, పాత దగ్గు అయితే దగ్గర్లోనే చూపించుకుందాం. గుండెనొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, ఆయాసం, పాముకాటు, ఫిట్సు, ఆగని రక్తస్రావం, పిల్లలు పాలు తాగకుండా మగతగా పడుండటం, ఇవి కనిపిస్తే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యాలి. పక్షవాతానికి గడ్డ కరిగించే మందు పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే.

చివరగా, అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! ఆయనకు ఛాతీలో నొప్పంటే "గ్యాసేలెండి" అని సోడా ఇస్తాం. మనకే వస్తే వంటయ్యాక చూద్దామని కొంగు నడుముకు బిగిస్తాం. ఆ రెండూ మానేద్దాం. చిన్న జబ్బుకు పెద్దాసుపత్రికి పరుగెత్తడం ఎంత తప్పో, పెద్ద జబ్బును వంటింట్లో దాచుకోవడం అంతకంటే పెద్ద తప్పు.