కాలినడక ప్రయాణము - మూట కట్టు విధము

ఫాల్గుణమాసము నడుమకు వచ్చుసరికి మన సీమ బాటలమీద శ్రీశైలయాత్రికులు కానవత్తురు. ఉగాదినాటికి మల్లికార్జునుని సన్నిధి చేరవలెనని కర్ణాటకమునుండి వేలకొలది భక్తులు కాలినడకను బయలుదేరుదురు. మన అనంతపురపు పల్లెలనుండియు జట్లుగా పోవువారు కలరు. బయలుదేరు ముందు వారు గ్రామములోని పెద్దలయొద్దకు వచ్చి సెలవడుగుదురు. మనము తల నిమిరి, చేతిలో ఏదో యింత పైకము పెట్టి, క్షేమముగా పోయి రండని దీవింతుము. "మూట విప్పి చూపుము, నాయనా" అని అడుగువారము మాత్రము అరుదు. ఆ మాట అడుగవలెనని చెప్పుటకే ఈనాటి నా ప్రసంగము.

మనది సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు మెట్టసీమ. ఉగాదికి ముందే ఎండ 38 డిగ్రీలను ముట్టుట మనకు క్రొత్త కాదు. అట్టి యెండలో నడచు మనిషి ఒడలినుండి గంటకు అరలీటరు మొదలు లీటరు వఱకు చెమట పోవును. కనుక మూటలో మొదట చూడవలసినది నీరు. బట్టలును పలహారములును సర్దినపిమ్మట మిగిలిన సందున ఒక సీసా దోపుట మనవారి అలవాటు. ఇది తలక్రిందులైన పద్ధతి. గుత్తికొండమీద కోట కట్టినవారు గోడలు లేపుటతో తృప్తి పడలేదు. కొండ నెత్తిన బావులును నీటిగుండములును ఏర్పఱచుకొనిరి. నీరు లేని కోట శత్రువు ముట్టకయే లొంగిపోవునని వారెఱుగుదురు.

గుత్తి యనగానే మఱియొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1827లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో దత్తమండలములలో సంచారము చేయుచు, జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి కన్నుమూసెను. ఆయన దేహమును మొదట గుత్తిలోనే ఖననము చేసి, 1831లో మద్రాసునకు తరలించిరి. గవర్నరు ప్రయాణమునకు గుడారములకు గాని పరివారమునకు గాని కొఱత యుండదు గదా! కలరా త్రాగునీటిద్వారా వ్యాపించునని లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు 1854లో నిరూపించువఱకు, అంతటివారికిని ఏ నీరు త్రాగవలెనో చెప్పగలవారు లేకపోయిరి. నేడు మనకా సంగతి తెలియును. తెలిసియు, దారిప్రక్క తొట్టిలో కనబడిన నీటిని దోసిట పట్టి త్రాగి, మఱునాడు విరేచనములతో చెట్టుక్రింద పడుకొను యాత్రికులు ఇప్పటికిని కలరు.

దానికి విరుగుడు మూటలో గుప్పెడు చోటైనను ఆక్రమింపదు. 1971లో బంగాళాదేశ్ శరణార్థుల శిబిరమున కలరా ప్రబలి, సూదిద్వారా ఎక్కించు ద్రవములు చాలనప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజును ఉప్పును సోడాను నీట కలిపి త్రాగించి అనేకులను బ్రతికించెను. ఆ మందే పొట్లములుగా ఇప్పుడు ప్రతి మందుల అంగడిలోను దొరకును. నాలుగు పొట్లములు మూటలో వేయించుడు. అవి లేనినాడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు తలగొట్టి కలుపవలెను. ఉప్పు హెచ్చినచో కీడు. కనుక చెంచా కూడ మూటలో నుండవలెను. ఆరోగ్యవంతులు నడకలో ఉప్పు వేసిన మజ్జిగయో, రాగి అంబలియో దొరికినపుడు విడువరాదు. చెమటతో పోవునది నీరు మాత్రమే కాదు.

ఇక మూట కట్టుటలో మనకు గురువు గొఱ్ఱెలకాపరి. కళ్యాణదుర్గము ప్రాంతపు కాపరి మందను తోలుకొని మేతకై ఊళ్ళు దాటి పోవునపుడు వాని బరువెంత? భుజమున నల్లకంబళి, చేత కఱ్ఱ, ఒక సంచి, నీళ్ళకొక పాత్ర. కంబళి రాత్రి పఱపు, తెల్లవారుజామున కప్పు, తుంపర పడినచో కొప్పెర. చింతగింజల గంజి పట్టించిన ఆ యున్నిలో వానచుక్క తొందరగా దిగదు. ఒక్క పనికి మాత్రమే వచ్చు వస్తువు అతని యొద్ద కానరాదు. అలవాటు లేనివారిని కంబళి మోయుడని నేను చెప్పను. అది వారి మెడ వంచును. పలుచని దుప్పటియు, తడిపి తలకు చుట్టుకొన పనికివచ్చు పెద్ద తువ్వాలును చాలును. మనిషి తన బరువులో అయిదవవంతునకు మించి మోయరాదు. అరువది కిలోలవాడు 12 కిలోలు మోయవచ్చును. 8 కిలోలైనచో మఱింత సుఖము. అందు మూడు లీటర్ల నీరే మూడు కిలోలు. సంచికి రెండు భుజములకును పట్టెలుండవలెను. బరువైనవి వీపునకు ఆనునట్లును, నీరు చేతికి అందునట్లును సర్దవలెను.

తిండి విషయము మన స్త్రీలకు ఎవరును నేర్పనక్కఱలేదు. సంగటి ఆ పూటకే. పలుచగా కాల్చి గలగలలాడునట్లు ఎండబెట్టిన జొన్నరొట్టె, సజ్జరొట్టె దినములతరబడి నిలుచును. వానికి తోడు బుడ్డలపొడి, బెల్లము, బొరుగులు.

పాదముల సంగతి కొంచెము విరివిగా చెప్పవలెను. నా యౌవనమున మొదటి ప్రయాణమునకు క్రొత్త చెప్పులు కొని గర్వముగా బయలుదేరితిని. మొదటి ఆమడలోనే అవి కఱచినవి. రెండవనాటికి చెప్పులు చేతిలోను, బొబ్బలు కాలిలోను మిగిలినవి. చెప్పులు నెలదినములు తొడిగి పదునుపెట్టినవై యుండవలెను. రాత్రి పండుకొను ముందు కాళ్ళు కడిగి, తడి ఆర్చి, ఆముదము రాయవలెను. గుడ్డపీలికలు, సూది, దారము, గాయమునకు మందు ఒక చిన్న డబ్బీలో నుంచవలెను.

చెప్పులు లేకయే నడతుమని మ్రొక్కుకొనువారు కలరు. ఆ భక్తిని నేను తక్కువ చేయను. కాని మధుమేహము ముదిరినవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గును. ముల్లు దిగినను తెలియదు. కాలిన రాతిపై అడుగుపెట్టినను తెలియదు. తెలిసినాటికి పుండు ముదిరి యుండును. అట్టివారు ఇంట నున్నపుడు వైద్యుని అడుగకుండ మ్రొక్కుకొననీయరాదు. మనలో ఏబది దాటినవారెందఱమో రక్తపోటు మాత్రలు మ్రింగుచున్నాము. మాత్రలును, వాని పేర్లు వ్రాసిన చీటియు, ఇంటివారి ఫోను సంఖ్యయు మెడలోని సంచిలో నుండవలెను. సెల్‌ఫోనులో నున్నవి గదా యందురు. అడవిలో ఆ ఫోను పలుకదు.

అడవి యనినది ముఖ్యమైన మాట. మన పల్లెలనుండి ఆత్మకూరు దాక జట్టు మూటలు ఏ ఆటోలోనో ట్రాక్టరులోనో వెంట వచ్చును. కనుక కుఱ్ఱవారు పెట్టెలకొలది సామాను వేయుదురు. వెంకటాపురము దాటి నల్లమలలో కాలిబాట పట్టగానే బండి నిలిచిపోవును. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారము: ఇదంతయు భుజబలమే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు పోవుచు ఆత్మకూరు మీదుగానే శ్రీశైలము దర్శించిరి. భీముని కొలనుకడ మెట్లు దిగి మరల ఎక్కునపుడు సంచిలోని అక్కఱలేని ప్రతి వస్తువును మోకాళ్ళు లెక్కపెట్టును. అది పులులు తిరుగు రక్షితారణ్యము. యాత్రాకాలమున తప్ప ఆ దారి తెఱవరు. ఆ దినములలో దాతలు నీరు, అన్నము ఇత్తురు. ఆ నమ్మకముతో సీసా ఖాళీగా మోసికొనిపోరాదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు అడవిలో పాఱవేయరాదు; లోహపు సీసా మేలు.

కావున బండిలో వచ్చు మూట వేఱు, అడవిలో మోయు మూట వేఱుగా ఇంటియొద్దనే కట్టించుడు. ప్రయాణమునకు వారము దినములు ముందుగా, ఆ చిన్నమూటను నీటితో సహా భుజమునకు తగిలించి, తెల్లవారుజామున ప్రక్క యూరికి పోయి రమ్మని కుఱ్ఱవానిని పంపుడు. తిరిగి వచ్చిన పిమ్మట అరుగుమీద మూట విప్పించుడు. భుజము ఎచ్చట ఒరసికొన్నదో, చెప్పు ఎచ్చట నొచ్చినదో అతడే చెప్పును. అతడు పెట్టుకొన్న మూడవ చొక్కాయు, సగము మోసి విసుగెత్తిన అద్దమును అప్పుడే తీయించి, ఆ చోటున మఱియొక నీటిసీసా పెట్టించుడు.