ఎవరు అడిగారు, ఎన్నాళ్ల లెక్క అడిగారు



సామాజిక శాస్త్రాల పరిశోధనలో చేరిన విద్యార్థి తరచు మొదట అడిగేది, సర్వే చేయాలా, ఊళ్లో మకాం వేయాలా అని. ఏం తెలుసుకోవాలో తేలకముందే ఈ తర్జనభర్జన. ఊళ్లో మకాం వేసినవాడి రాతలో వాడి చూపు కలుస్తుందనీ, అంకెల్లో ఆ బెడద ఉండదనీ ఒక నమ్మకం. మొదటి సగం నిజమే. రెండో సగం మీదే నాకు పేచీ.

మొదట ఊళ్లో మకాం సంగతి. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతపు పల్లెలో ఉండి వివరాలు సేకరించారు. ఆ ఊరికి పుస్తకాల్లో రాంపురా అని పేరు పెట్టారు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన గది తగలబడి, క్రమపరచుకున్న నోట్సు కాలిపోయింది. చాలావరకు జ్ఞాపకం మీద రాసిన పుస్తకం 1976లో వచ్చింది. తాను ఊరిని పై కులాల వైపు నుంచే ఎక్కువగా చూశానని ఆయనే ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాటతో పుస్తకాన్ని ఎలా చదవాలో మనకు తెలిసింది.

హైదరాబాద్ దగ్గరి మన శామీర్‌పేట సంగతి వేరు. 1950ల తొలినాళ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే అక్కడికి ఒంటరిగా పోలేదు. వేర్వేరు శాఖల వారితో బృందంగా వెళ్లారు. ఆ పనిలో వైద్యం వంటి పల్లెసేవ కూడా ఓ భాగం. మందు ఇచ్చే మనిషికి తలుపులు తొందరగా తెరుచుకుంటాయి. అయితే మందు తీసుకున్నవాళ్లు అతనికి నచ్చే జవాబే ఇవ్వవచ్చు కూడా. ఈ అనుమానం నాది.

ఇక అంకెలు. జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది. ఇంటి ఖర్చు అడిగితే గడిచిన 30 రోజుల లెక్క అడగడం ఆనవాయితీ అయింది. ఆ నిర్ణయం గాలివాటంగా చేసింది కాదు. గణాంకవేత్త మహలనోబిస్ బృందం బెంగాల్లో సరుకులు తూచి చూసి, వారం లెక్క కంటే నెల లెక్కే అసలుకు దగ్గరని తేల్చింది. 1990ల రెండో సగంలో ప్రయోగంగా కొన్ని ఇళ్లలో పాత పద్ధతినే ఉంచి, మరికొన్ని ఇళ్లలో తిండి సరుకులకు 7 రోజులు, అరుదుగా కొనేవాటికి ఏడాది లెక్క అడిగారు. కొత్త ప్రశ్నావళి ప్రకారం పేదల సంఖ్య దాదాపు సగమైంది!

ఎందుకో ఊహించడం కష్టం కాదు. అరుగు మీద కూర్చున్న యజమాని నెలకు రెండు కిలోల మంచినూనె అంటాడు. "పండక్కి ఇంకో కిలో తెప్పించాం కదా" అంటుంది లోపల్నుంచి ఇల్లాలు. నెల లెక్కలో ఇలాంటివి జారిపోతాయి. వారం లెక్కలోనేమో కిందటి వారం సంతలో కొన్నది కూడా ఈ వారంలోకి వచ్చి చేరుతుంది.

1999-2000లో, ఆ సర్వే 55వ విడతలో, తిండి సరుకులకు రెండు లెక్కలూ పక్కపక్క గడుల్లో ఒకే మనిషిని అడిగారు. వారం సంగతి అడిగాక నెల సంగతి అడిగితే, ఆ మనిషి మొదటి జవాబునే నాలుగుతో హెచ్చవేసి చెప్పే వీలుంది. 1993-94లో 36 శాతంగా ఉన్న పేదరికం 26.1 శాతానికి దిగిందని ప్రకటించారు. ఆంగస్ డీటన్, అభిజిత్ సేన్ వంటి ఆర్థికవేత్తలు ఆ తగ్గుదలలో ఎంత భాగం నిజం, ఎంత భాగం ప్రశ్నావళి మాయ అని ఏళ్ల తరబడి తవ్విపోశారు. ఇందులో అబద్ధమాడినవాళ్లెవరూ లేరు. పోల్చగూడని రెండు కొలతల్ని పోల్చడమే జరిగింది.

2022-23 సర్వేలో ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు, మూడు ప్రశ్నావళులతో వెళ్లారు. దాన్ని 2011-12తో పోల్చవచ్చా అన్న వాదన మళ్లీ మొదలైంది. ఆ రెండు సంవత్సరాల అంకెలతో సిద్ధాంత వ్యాసంలో పట్టిక గీయబోయే విద్యార్థులు, గీత గీసేముందు రెండు ప్రశ్నావళులూ తెచ్చుకుని నూనె దగ్గర ఏమడిగారో చదవాలి.