బలం బిళ్ల



ఈ రోజు హెచ్.ఐ.వి. ఉన్న పెద్దపిల్లల సంగతి మాట్లాడుకుందాం. అంటే పదేళ్లు దాటి ఇరవై నిండని పిల్లలు. వీళ్లలో చాలామందికి ఈ క్రిమి తల్లి నుంచే వచ్చింది. కడుపులో ఉన్నప్పుడో, కాన్పులోనో, పాల ద్వారానో వచ్చింది. ఇందులో పిల్లల తప్పేముంది? తల్లిని తిట్టినా లాభం లేదు.

మందు లేని రోజుల్లో ఇట్లాంటి పిల్లలు చాలామంది చిన్నప్పుడే పోయారు. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2006 నవంబరులో పిల్లల కోసం వేరే పథకం వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లలు బతుకుతున్నారు, బడికి పోతున్నారు, ఎదుగుతున్నారు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. చిన్నప్పుడు నోట్లో వేస్తే మింగిన పిల్ల పద్నాలుగేళ్లకు "నాకెందుకు?" అంటుంది.

పిడుగురాళ్లలో ఒక అమ్మమ్మ ఉందనుకోండి. కూతురూ అల్లుడూ పోయారు. మనవరాల్ని తనే సాకుతోంది. సున్నం బట్టీలో పని. మిరప కోతలప్పుడు చేలకు పోతుంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక మనవరాలికి ఒక బిళ్ల ఇస్తుంది.

"ఇది ఏందమ్మమ్మా?"

"బలానికి. మింగు."

పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చింది. చదువొచ్చిన పిల్ల కదా, డబ్బా మీద పేరు చదివింది. ఎవరి ఫోనులోనో ఆ పేరు వెతికింది. సంగతి తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నుంచి బిళ్ల చేతిలోకి తీసుకోవడం, దొడ్లో పారేయడం. డబ్బా ఖాళీ అవుతోంది. అమ్మమ్మ సంతోషంగానే ఉంది.

ఆ అమ్మమ్మ అబద్ధం ఎందుకు చెప్పింది? భయపడి చెప్పింది. పిల్ల బడిలో నోరు జారితే? వీధిలో తెలిస్తే? ఆ భయం ఉత్తిది కాదు. కాకపోతే దాచిన మాట పిల్లకు వేరే చోట తెలిస్తే, మందు మీదా నమ్మకం పోతుంది, అమ్మమ్మ మీదా పోతుంది.

ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు సంగతి తెలియజెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. అంతా ఒక్కరోజే కుమ్మరించక్కర్లేదు. ఏడేళ్ల పిల్లతో "నీ రక్తంలో ఒక క్రిమి ఉంది, ఈ బిళ్ల దాన్ని నిద్రపుచ్చుతుంది" అంటే చాలు. పేరు తర్వాత చెప్పొచ్చు. ఎవరితో చెప్పాలో, ఎవరితో చెప్పకూడదో కూడా నేర్పాలి. నోరు రాకపోతే మందుల కేంద్రంలో కౌన్సెలరు ఉంటారు. మీ ఎదురుగానే పిల్లతో మాట్లాడతారు.

మందు మధ్యలో మానితే ఏమవుతుంది? పత్తి చేను గుర్తు తెచ్చుకోండి. శనగపచ్చ పురుగు మందుకు లొంగకుండా పోవడం ఈ నేల మీద పత్తి వేసినవాళ్లకు కొత్త కాదు. నాలుగు రోజులు మింగి, పది రోజులు మానితే ఒంట్లో క్రిమి కూడా అట్లాగే మొండికేస్తుంది. అప్పుడు ఆ మందు పనిచేయదు. వేరే మందు వెతకాలి. పైకి పిల్ల బాగానే కనపడుతుంది, అదే మోసం.

ఇప్పుడు చాలామంది పెద్దపిల్లలకు రోజుకు ఒకటే బిళ్ల. ఒకపూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. రెండు కలిపి మింగకూడదు. ఇంకోమాట. బడిలో ఐరన్ బిళ్లలు ఇస్తారు. వాటిని ఈ బిళ్లతో కలిపి పరగడుపున వేసుకుంటే ఇది సరిగా పనిచేయదు. ఏది ఎప్పుడు వేయాలో డాక్టరును అడగండి.

ఆడపిల్లకు ఇంకో దిగులు ఉంటుంది. నోరు తెరిచి అడగదు. "నాకు పెళ్లవుద్దా?" ఏటేటా రక్తపరీక్ష చేసి క్రిమి ఎంత ఉందో చూస్తారు. డబ్బులు తీసుకోరు. రోజూ మందు వాడి, క్రిమి పరీక్షలో కనపడనంత తగ్గి, అట్లాగే నిలిస్తే, కాపురం వల్ల భర్తకు అంటదు. డాక్టరు చెప్పినట్టు నడిస్తే బిడ్డకూ రాకుండా కాపాడుకోవచ్చు. పెళ్లాడే అబ్బాయికి సంగతి ముందే చెప్పాలి. ఈ కబురు వింటే పిల్ల బిళ్ల పారేయడానికి ఆలోచిస్తుంది. బెదిరిస్తే ఆలోచించదు.

పిడుగురాళ్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి దాదాపు 70 కిలోమీటర్లు. వెళ్లొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. పిల్లకు బడి పోతుంది. అందుకే చాలామంది తేదీ దాటేస్తారు. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో 1097కు ఫోను చేసి అడగండి. ఈ ఫోనుకు డబ్బు పడదు. మందుల పుస్తకంలో మళ్లీ రావాల్సిన తేదీ రాస్తారు. మీకిప్పుడు అంకెలు వచ్చు. ఆ తేదీ మీరే చదవండి, గోడ మీద క్యాలెండరులో సున్నా చుట్టండి. ఆ రోజు పరీక్ష ఉంటే, కోతలకు వేరే ఊరు పోవాల్సి వస్తే, ముందే వెళ్లి చెప్పండి.

"బడివాళ్లు తీసేస్తారేమో" అని కొందరు అడుగుతారు. తీసేయకూడదు. 2017లో వచ్చిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్.ఐ.వి. ఉందని బడిలో చేర్చుకోకపోవడం, పిల్ల సంగతి బయటపెట్టడం తప్పు. ఇంటి బరువు మోస్తున్న, తెలివిడి ఉన్న అక్కకు పన్నెండేళ్లు దాటితే, తమ్ముడి వైద్యానికీ బడికీ తనే సంరక్షకురాలిగా నిలబడొచ్చని కూడా ఆ చట్టంలో ఉంది. పెద్దదిక్కు లేని ఇళ్లు ఎన్ని ఉంటే ఆ మాట రాశారో!

మందు మానేసి నెలలైన పిల్ల ఉంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. మళ్లీ వెళ్లొచ్చు. ఎన్ని రోజులు మానిందో దాచకుండా చెప్పండి. రక్తం పరీక్ష చేస్తారు, మందు ఏదో చూస్తారు, పుస్తకంలో కొత్త తేదీ రాస్తారు.